రాణి దాక్కున్న గాజులగల్లి

దయాసాగర్ ఇంగ్లండు వెళ్ళి వచ్చినప్పటినుంచి బళ్ళారిలో అతనికి ఏదీ ఆనలేదు. ఇడ్లీ మెత్తగా ఉందంటే అక్కడి రొట్టె ఇంకా మెత్తన అనేవాడు. వాన పడితే, ఇది వానేనా అనేవాడు. మిషన్ వాళ్ళ అచ్చాపీసులో అతను ఫోర్‌మన్. కొత్త యంత్రం మీద పని నేర్చుకు రమ్మని దొరలు అతన్ని ఎల్డన్‌బరి అనే చిన్న సంత ఊరికి పంపారు. అక్కడ ఒక చలికాలమూ, ఒక వేసవీ గడిపి, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని, 1958లో మండుటెండల్లో బళ్ళారి స్టేషన్లో దిగాడు. ఆ ఉన్ని గుడ్డ తీయించడానికి అతని భార్య ఎలిజబెత్‌కు వారం పట్టింది.

వాళ్ళ కాపురం పెద్దబజారు వెనక గాజులగల్లి చివర. ఆ గల్లిలో ఎక్కువమంది పాతకాలం నుంచీ వ్యాపారం చేసుకునే తెలుగు కోమట్లు. మధ్యలో శెనగల వ్యాపారి రాజగోపాలయ్య మేడ. దానికి ఎదురుగా గాదిలింగప్ప ఇల్లు. రెండు మేడలూ దూలాల మీద ముందుకు వంగి గల్లి పైకి వచ్చేశాయి. కింద మూటతో వచ్చే హమాలీ పక్కకు తిరిగి నడవాలి. పైన రాజగోపాలయ్య భార్య సుందరమ్మ తన కిటికీలోంచి చెయ్యి చాపితే ఆ చెయ్యి గాదిలింగప్ప భార్య యల్లమ్మ వంటింట్లో ఉంటుంది. ఇద్దరూ ఆ దారినే చింతపండూ, కరివేపాకూ, ఊరి కబుర్లూ ఇచ్చిపుచ్చుకునేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం దయాసాగర్ మిషన్ బడి హాల్లో మ్యాజిక్ లాంతరు ప్రదర్శన పెట్టాడు. ‘ఎల్డన్‌బరి పురాతన కట్టడాలు’ అని పేరు. బొమ్మలు కనబడాలంటే చీకటి కావాలి కాబట్టి కిటికీలన్నిటికీ కంబళ్ళు కట్టించాడు. మే నెల. లోపల జనం ఒకరి మీద ఒకరు కూర్చుని చెమటలు కారుస్తూ తెర మీద మంచు కురిసిన ఊరు చూశారు.

మొదట సంత మంటపం వచ్చింది. లావుపాటి కొయ్య స్తంభాల మీద నిలబడిన పెద్ద ఇల్లు. కింద సంత, పైన కచేరీ. ఆ స్తంభాల మధ్య నాలుగువందల ఏళ్ళుగా వెన్న అమ్ముతున్నారని దయాసాగర్ చెప్పాడు.

“వెన్న కరిగిపోదా సామీ?” అన్నాడు రాజగోపాలయ్య.

“కరగాలంటే ఎండ ఉండల్ల గదప్పా. ఆడ యాడుండాది ఎండ?”

తర్వాత ఇళ్ళు వచ్చాయి. తెల్లని గోడలు, వాటి మీద అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా నల్లటి దూలాలు. ఒక్క ఇల్లూ తిన్నగా లేదు. ఒకటి పక్కింటి భుజం మీద తల వాల్చింది. ఇంకొకటి వీధిలోకి తొంగి చూస్తోంది.

“మేస్త్రీ తూకంగుండు మరిచి పనికి వచ్చినట్లుండాడే!” అన్నాడు గాదిలింగప్ప. హాలంతా నవ్వింది.

దయాసాగర్‌కు కోపం వచ్చింది. “వంకరుంటేనే వాటికి విలువ. ఒక మేకు కొట్టల్లంటే సర్కారు ఒప్పుకోవల్ల. తెలిసిందా?”

తర్వాత ఒక సందు. పై అంతస్తులు ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరగా ఉన్నాయి. మధ్యలో ఆకాశం దారంలాగా కనబడుతోంది.

“ఈ సందులో ఎదురెదురు ఇండ్ల వాళ్ళు కిటికీల్లో నుంచి చేతులు కలపొచ్చు,” అన్నాడు దయాసాగర్, ఎవరికీ తెలియని వింత చెబుతున్నట్టు.

“అదేం పెద్ద విశేషమప్పా?” అంది సుందరమ్మ. “నేను పొద్దున యల్లమ్మకు చింతపండు ఇస్తి గదా.”

“అక్కా, మనది సందు. ఇది మీడీవల్ ఆలీ.”

“అంటే?”

“అంటే... శానా పాతది.”

“మనదేమన్నా నిన్న కట్టిరా?”

ఈసారి నవ్వు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఎలిజబెత్ కూడా నవ్వింది. దయాసాగర్ గబగబా చివరి బొమ్మ వేశాడు. అది ఆ సందులోనే ఉన్న ‘మూడు బాతులు’ అనే పాత సత్రం. పూర్వం యుద్ధంలో ఓడిన ఒక రాజకుమారుడు పారిపోయి వచ్చి దాని మేడగదిలో దాక్కున్నాడట. వెంట తరిమిన గుర్రపు దండు ఆ సందులోకి దూరి, ముందుకు పోలేక, వెనక్కి తిరగలేక ఇరుక్కుపోయిందట. రాజకుమారుడు పడుకున్న మంచం ఇప్పటికీ ఉంది. జనం దూరాల నుంచి వచ్చి చూసి పోతారు. ఇది చెప్పేటప్పుడు దయాసాగర్ గొంతు గుడిలో ప్రార్థన చేసేటప్పటిలాగే వణికింది. సుందరమ్మ ఆ కథ చాలా శ్రద్ధగా వింది.

మరుసటి ఏడు పేటను బాగుచేస్తామంటూ పేట సుధారణ సమితి అని ఒకటి వెలిసింది. దాని అధ్యక్షుడు లాయరు పద్మనాభ, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడే మనిషి. చెడ్డవాడు కాదు, లంచం పుచ్చుకునేవాడూ కాదు. కానీ వంకర దేన్నీ చూడలేడు. గోడ మీద క్యాలెండరు కాస్త పక్కకు వాలితే, ఎవరింట్లో ఉన్నా లేచి సర్ది కూర్చునేవాడు. అతను పేట పటం ముందు పెట్టుకుని స్కేలుతో ఒక గీత గీశాడు. ఆ గీత సుందరమ్మ మేడగదిని, గాదిలింగప్ప ముందుగదిని, దయాసాగర్ వంటింటిని కోసుకుంటూ అవతలి రోడ్డులో కలిసింది. గల్లి వెడల్పు చేస్తామని సమితి మనిషి వచ్చి చెప్పి వెళ్ళాడు.

“పోతే పోనీలే,” అన్నాడు రాజగోపాలయ్య. “బండి వాకిటి దాకా వస్తాది. హమాలీలతో పొద్దంతా గొడవ తప్పుతాది.”

సుందరమ్మ మొగుడి వైపు చూసిన చూపుకు ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆమెకు ఆ కిటికీ అంటే ప్రాణం. ఆదవాని నుంచి కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చిన రోజుల్లో, అత్త మాటలు పడలేక మేడ మీద ఒక్కతే కూర్చుని ఏడుస్తుంటే, ఎదురు కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి వేయించిన శెనక్కాయలు ఒడిలో పోసింది. మొహం తర్వాత కనబడింది. అది యల్లమ్మ. ఆ గోడ రెండు గజాలు వెనక్కి జరిగితే ఆ చెయ్యి అందదు. ఈ సంగతి సమితి ముందు చెప్పుకునేది కాదు. చెప్పినా పటంలో దానికి చోటు లేదు.

ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని సుందరమ్మ పద్మనాభ ఇంటికి వెళ్ళింది. అతను మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

“నోడమ్మా, నేనేమన్నా రాక్షసున్నా? హంపి ఉండాది. దాన్ని ఎవరన్నా ముట్టుకుంటారా? అది చరిత్రె. మీ గల్లికి ఏమన్నా చరిత్ర ఉంటే చెప్పండి, నేనే అడ్డం పడుకొని కాపాడ్తా.”

“ఉండాది,” అంది సుందరమ్మ.

“ఏముండాది?”

సుందరమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. “అది ఈడ కూర్చొని చెప్పేది కాదప్పా. మా ఇంటికి వస్తే చూపిస్తా.”

బయటికి వచ్చాక యల్లమ్మ కొంగు పట్టుకుని లాగింది. “ఏం చరిత్రే? నాకు తెలీకుండా యాడుండాది?”

“ఇంగా తెలీదు. ఇంటికి పోయేలోగా తెలుస్తాది.”

ఇంటికి చేరేసరికి నిజంగానే తెలిసింది.

అదే వారం గుడిలో పాదిరిగారు ఒక వార్త చెప్పారు. ఎల్డన్‌బరి సంఘం నుంచి మిస్ కార్‌వుడ్ అనే పెద్దావిడ దేశం చూడటానికి వచ్చి, బళ్ళారి బడినీ సంఘాన్నీ కూడా చూసి వెళతారట. ఇంగ్లీషు వాళ్ళంటే పద్మనాభకు పట్టరాని గౌరవం. సమితి తరఫున సన్మానం తనే చేస్తానని ముందుకొచ్చాడు. ఎలిజబెత్ ఈ మాట మోసుకొచ్చి చెప్పగానే సుందరమ్మ లేచి, కాళ్ళకు చెప్పులైనా తొడుక్కోకుండా ఆమెతో పాటే దయాసాగర్ ఇంటికి నడిచింది.

“దయాసాగరప్పా, ఆ దొరసానిని పద్మనాభతో పాటు మా మేడకు పిలుచుకొని రావల్ల. నేను కథ చెప్తా. నువ్వు ఇంగ్లీషులో చెప్పల్ల.”

“ఏం కథక్కా?”

“ఒక పాళెగాడి రాణి మా మేడ మీద దాక్కొనింది.”

“నిజంగానా?”

“నిజమైతే నీ కాడికి ఎందుకు వస్తా?”

దయాసాగర్ రెండు చెవులూ మూసుకున్నాడు. “అక్కా, నేను అబద్ధం ఆడను. సత్యవేదంలో వద్దని రాసి ఉండాది.”

“నిన్ను ఎవరాడమన్నారప్పా? ఆడేది నేను. నువ్వు తర్జుమా చేసేవాడివి. తర్జుమా చేసేవానికి పాపం యాడుండాది? కోర్టులో దొంగ మాట్లాడితే జడ్జీకి ఇంగ్లీషులో చెప్పే గుమాస్తాను జైల్లో పెడ్తారా?”

దయాసాగర్ భార్య వైపు చూశాడు, అడ్డుపడుతుందేమోనని.

“గుమాస్తాను పెట్టరు,” అంది ఎలిజబెత్. “మన వంటిల్లు పోతే నేను యాడ వండల్లో అది గూడా చెప్పు.”

దొరసాని రావడానికి ఇంక రెండు రోజులే ఉంది. ఆ రెండు రోజులూ గల్లిలో పండగ సందడి. గాదిలింగప్ప ఇంటికి పోయినేడాది వేసిన కొత్త దూలం ఒకటి పచ్చగా మెరుస్తోంది. అతను దానికి మసీ ఆముదమూ కలిపి పట్టించి, కొరడాతో కొట్టి మచ్చలు పెట్టాడు. సుందరమ్మ అటక మీద నుంచి అత్తగారి నులకమంచం దింపించింది. దాని మీద పాత పట్టుచీర పరిచింది. “రాణి మంచం ఇంత కురచా?” అని రాజగోపాలయ్య అడిగితే, “రాణి పొట్టిది,” అంది.

అనుకున్న రోజు మధ్యాహ్నం మిస్ కార్‌వుడ్ వచ్చింది. పొడవాటి మనిషి, తెల్లజుట్టు, చేతులకు తెల్లని తొడుగులు, తల మీద గడ్డి టోపీ. ముందు పద్మనాభ, వెనక ఆమె, ఆ వెనక దయాసాగర్, అతని వెనక వీధి వీధంతా. గల్లి నడుమ ఇరుకులోకి వచ్చేసరికి అటునుంచి గాదిలింగప్ప బర్రె ఎదురైంది. దీన్ని ఎవరూ ముందుగా అనుకోలేదు. బర్రె ఆగదు, వెనక్కి పోదు. పద్మనాభ ముఖం ఎర్రబడింది. “చూడండి మేడమ్, ఇందుకే వెడల్పు చేస్తాండాం,” అని ఇంగ్లీషులో మొదలుపెట్టేలోగా మిస్ కార్‌వుడ్ గోడకు వీపు ఆనించి, పొట్ట లోపలికి లాక్కుని, బర్రెకు దారి ఇచ్చింది. బర్రె వెళుతూ వెళుతూ ఆమె టోపీ అంచు కొంచెం కొరికి చూసింది. ఆమె పకపక నవ్వింది.

మేడ మీద సుందరమ్మ ఆమెను నులకమంచానికి ఎదురుగా కూర్చోబెట్టి కథ ఎత్తుకుంది.

“మా అత్త వాళ్ళ అత్తకు అత్త కాలంలోనమ్మా. ఒక పాళెగాడు యుద్ధంలో పడిపోయినాడు. వాని రాణి కోటలో నుంచి తప్పించుకొని, సందకాడ ఈ గల్లీలోకి ఉరికొచ్చింది. మా ఇంట్లో అప్పుడు గాజులు చేసేటోళ్ళు ఉండిరి. వాళ్ళు రాణిని ఈ గదిలో దాచిపెట్టినారు.”

దయాసాగర్ ఇంగ్లీషులో చెప్పాడు. అప్పటికే అతని నుదుట చెమట పట్టింది.

“ఎనకాలే గుర్రాల దండు వచ్చింది. గల్లి చూస్తిరి గదా ఎంత ఇరుకో. గుర్రాలు లోపలికి దూరినాయి. ముందుకు పోలేవు, ఎనక్కు తిరగలేవు. ఇరుక్కపోయినాయి. అంతలో రాణి మిద్దెల మీదనే దుంకుకుంటా పాయె.”

దయాసాగర్ సుందరమ్మ వైపు తిరిగాడు. అది తన లాంతరు బొమ్మలోని కథ. చివరి బొమ్మ. దాన్ని ఆ ఊరి మనిషికే తను తిరిగి చెప్పాలి! సుందరమ్మ కళ్ళతోనే కానీయమంది. అతను గుర్రాల దగ్గరికి వచ్చేసరికి గొంతు బాగా తగ్గించాడు. అయినా మిస్ కార్‌వుడ్ వింది. ఆమె కనుబొమ్మలు పైకి లేచాయి.

“ఈ విషయం ఇన్నాళ్ళూ ఎవరూ యాకె చెప్పలేదు?” అన్నాడు పద్మనాభ అనుమానంగా.

“ఎవరికీ చెప్పొద్దనింది రాణి,” అంది సుందరమ్మ. “మా ఇంట్లో మాట అంటే మాట. ఇప్పుడు గల్లే పోతాందని చెప్పాల్సొచ్చె.”

మిస్ కార్‌వుడ్ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. చెయ్యి చాపి ఎదురింటి దూలాన్ని తడిమింది. తొడుగు నల్లగా అయ్యింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత పద్మనాభతో, కింద నుంచి చూస్తే ఈ కిటికీ ఎలా కనబడుతుందో దయచేసి చూసి చెప్పగలరా అని అడిగింది. అతను ఉత్సాహంగా దిగి వెళ్ళాడు.

ఆమె దయాసాగర్ వైపు తిరిగింది. “ఈమెకు ఈ కథ ఎవరు చెప్పారో అడగండి.”

అతను అడిగాడు.

“మా అత్త చెప్పింది,” అంది సుందరమ్మ, రెప్ప వాల్చకుండా.

“నాకు మా నాన్న చెప్పారు,” అంది మిస్ కార్‌వుడ్. “మూడు బాతుల సత్రం మాదే.”

అది విన్నాక దయాసాగర్ తర్జుమా చేయడం మరిచి, నులకమంచం మీద, రాణిగారి పట్టుచీర మీద చతికిలబడ్డాడు. ఎలిజబెత్ వీపు మీద తట్టి మళ్ళీ నిలబెట్టింది. ఆ తర్వాత మిస్ కార్‌వుడ్ చెప్పిందంతా అతను ఒక్కొక్క మాటగా, కలలో మాట్లాడేవాడిలా తెలుగులో చెప్పాడు.

ఆమె చిన్నప్పుడు ఎల్డన్‌బరి స్టేషన్ ఎదురుగా కొత్త హోటలు లేచింది. సందులో ఉన్న పాత సత్రానికి రావడం జనం మానేశారు. ఒక చలికాలమంతా పొయ్యి దగ్గర కూర్చుని ఆలోచించి, వాళ్ళ నాన్న ఒక రాజకుమారుణ్ణి కనిపెట్టాడు. మంచం పక్క ఊరి వేలంలో కొన్నాడు. దూలాలకు కాచిన టీ నీళ్ళూ, పొగమసీ పట్టించింది ఆమే, ఆమె తమ్ముడూ. మొదట్లో ఊళ్ళో అందరికీ సంగతి తెలుసు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. కథ మిగిలింది. ఆ తర్వాత రోడ్డు వేస్తామని వచ్చిన వాళ్ళు కూడా రాజకుమారుడి పేరు విని, సందును ముట్టుకోకుండా వెళ్ళిపోయారు.

“ఆముదం వద్దని చెప్పండి,” అంది చివర్లో. “వాసన పట్టిస్తుంది. మసి ఒక్కటే చాలు.”

అప్పుడు సుందరమ్మ మిస్ కార్‌వుడ్ నల్లబడిన చేతిని తన కొంగుతో తుడుస్తూ అంది, “అయితే మా రాణి మీ రాజుకు చెల్లెలవుతాదన్నమాట.”

దయాసాగర్ అది తర్జుమా చేశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ నవ్విన నవ్వుకు ఎదురు కిటికీలో యల్లమ్మ తొంగి చూసి, ఏం జరిగిందో తెలియకుండానే తనూ నవ్వింది. పద్మనాభ వగరుస్తూ పైకొచ్చి, కింద నుంచి కిటికీ చాలా గంభీరంగా కనబడుతోందని చెప్పాడు.

సాయంత్రం సన్మానం. వేదిక మీద పూలదండలు, మైకు, పద్మనాభ. వెనక గోడకు అతని నిలువెత్తు చిత్రం తగిలించడానికి మేకు అప్పటికే కొట్టి ఉంది. సమితి వార్షికోత్సవానికి దాన్ని ఆవిష్కరిస్తారని ఊరంతటికీ తెలుసు. మిస్ కార్‌వుడ్ గాజులగల్లిని మెచ్చుకుంది. ఇలాంటి చోటు తను ఒక్క ఎల్డన్‌బరిలో తప్ప చూడలేదంది. ఇందులో అబద్ధం లేదు కాబట్టి దయాసాగర్ హాయిగా తెలుగులో చెప్పాడు.

పద్మనాభ లేచి అడిగాడు. “మేడమ్, ఎల్డన్‌బరిలో కూడా రోడ్లు తిన్నగా చేసే ఉంటారు గదా?”

మిస్ కార్‌వుడ్ తల ఊపింది. “చేశాం. సంత మంటపం పక్కన ఇంకో సందు ఉండేది. ఒక మేయరు దాన్ని కొట్టించేశాడు. ఆయన ఊరికి నీళ్ళ కుళాయిలు తెచ్చాడు, దీపాలు తెచ్చాడు. కానీ ఇప్పుడు ఆయన పేరు చెబితే, ‘ఓహో, సందు పడగొట్టినవాడా’ అంటారు. అంతే.”

దయాసాగర్‌కు ఎల్డన్‌బరి అంగుళం అంగుళమూ తెలుసు. సంత మంటపం పక్కన గుర్రాలు నీళ్ళు తాగే తొట్టి ఒకటి ఉంది, దాని పక్కన చర్చి. అక్కడ ఏ సందూ ఎప్పుడూ లేదు. దొరసాని మైకు ముందు నిలబడి, తడుముకోకుండా, తియ్యగా అబద్ధం ఆడింది! అతను హాలు వైపు చూశాడు. వెనక వరసలో ఎలిజబెత్, సుందరమ్మ, యల్లమ్మ ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు. ఎవరో దగ్గారు. అతను మైకు దగ్గరికి జరిగి ఆమె చెప్పిందంతా తెలుగులో చెప్పాడు. చెప్పి, ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

“ఆ మేయరు చిత్రపటం ఒకటి టౌన్‌హాల్లో గోడకు ఉండె. జనం ఒప్పుకోక దాన్ని దించేసినారు. ఇప్పుడు ఆ గోడకు ఉత్త మేకు ఉండాది. నేను నా కండ్లారా చూసినా.”

మిస్ కార్‌వుడ్‌కు తెలుగు రాదు. కానీ తన మాట కన్నా అతని మాట పొడుగైందని ఆమె గమనించింది. పద్మనాభ మెల్లగా తల తిప్పి వెనక గోడ మీది మేకును చూడటం కూడా గమనించింది. పెదవుల మీద రుమాలు పెట్టుకుంది.

పద్మనాభ గొంతు సవరించుకున్నాడు. పాళెగాడి రాణిని కాపాడిన గాజులగల్లిని సమితి కంటికి రెప్పలా కాపాడుతుందని, కొత్త రోడ్డు గల్లి వెనక బీడు మీదుగా పోతుందని ప్రకటించాడు. “ఇది నా నిర్ధార!” అని బల్ల గుద్దాడు. గాదిలింగప్ప ఈల వేశాడు. సుందరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో పక్కనున్న యల్లమ్మకు కూడా తెలియలేదు.

ఆ పూట దయాసాగర్ అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

“తర్జుమా చేసేవానికి పాపం లేదంట గదా,” అంది ఎలిజబెత్, పులుసు పోస్తూ.

“మేకు మాట తర్జుమా కాదు ఎలిజా. అది నా సొంతం.”

“తెలుసు. అన్నిట్లోకీ అదే బాగుండె.”

అతను తలెత్తి చూశాడు. ఇంగ్లండు నుంచి వచ్చాక తన మాట ఏదైనా బాగుందని ఆమె అనడం అదే మొదలు. పళ్ళెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు.

కొత్త రోడ్డు బీడు మీదుగా పడింది. అది రాజగోపాలయ్య ఇంటి పెరటి గుమ్మం ముందు నుంచే పోయింది. బండ్లు పెరట్లోకే రావడం మొదలయ్యాక ఆయన, రాణి చాలా మంచిదని ఒప్పుకున్నాడు.

చలికాలంలో ఒకరోజు పద్మనాభ ధారవాడ నుంచి వచ్చిన తన అత్తమామల్ని వెంటబెట్టుకుని సుందరమ్మ మేడకు వచ్చాడు. వాళ్ళకు రాణి గది చూపించాలట. సుందరమ్మ నీళ్ళిచ్చి, గొంతు సవరించుకుని, సందకాడ రాణి గల్లీలోకి ఉరికొచ్చిందని మొదలుపెట్టింది.

“సందకాడ కాదమ్మా, తెల్లవారుజామున,” అన్నాడు పద్మనాభ.

సుందరమ్మ ఆగింది. “తెల్లవారుజామునా?”

“అవును. సందకాడైతే కోట తలుపులు మూసి ఉంటాయి. ఎట్లా బయటికి వస్తాది? నేను అంతా విచారించినా. ఇంగో ముఖ్యమైన సంగతి మీరు బిట్టేసినారు. రాణి చంకలో బిడ్డ ఉండె.”

ధారవాడ అత్తగారు అయ్యో పాపమని చెంప మీద చెయ్యి వేసుకుంది. సుందరమ్మ జీవితంలో మొదటిసారిగా ఏమనాలో తోచక ఎదురు కిటికీ వైపు చూసింది. యల్లమ్మ కరివేపాకు దూస్తూ, తల ఎత్తకుండా అంది:

“అవునప్పా. ఆ బిడ్డకు పాలిచ్చింది మా ఇంటోళ్ళే.”

పద్మనాభ గెలిచినట్టు అత్తమామల వైపు చూశాడు. సుందరమ్మ తమాయించుకుని మంచం మీద పట్టుచీర సర్దింది.

“ఉండెనప్పా బిడ్డ, నేను యాడ లేదంటి?” అంది. “మగబిడ్డ. శానా ఏడ్చేది.”